కామెర్లు లేని అఫిడవిట్

కోనసీమలో ఒకప్పుడు ఇంటికొకరు పచ్చకామెర్లతో తీసుకుంటూ ఉండేవారు. ఈ మాట నేనంటున్నది కాదు, మా కోర్టు కట్టలంటాయి. ఏ అప్పీలు ఆలస్యమైనా, ఏ వాయిదాకి పార్టీ రాకపోయినా, దానితో జతపరిచిన అఫిడవిట్ తీసి చూడండి. "సదరు సమయమున నాకు పచ్చకామెర్లు సోకి మంచము పట్టినందున" అని ఉండి తీరుతుంది. ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మానేసేదాకా ఆ వాక్యం రాసి రాసి నా వేళ్ళు అరిగిపోయాయి.

రోగాలన్నిటిలోకీ కామెర్లనే ఎందుకు పట్టుకున్నారంటారా? జ్వరం వారంలో తగ్గిపోతుంది. టైఫాయిడ్ అంటే ఆస్పత్రి చీటీలేవీ అంటారు. కామెర్లకైతే పసరు మందు. మందు పోసినాయన రసీదు ఇవ్వడు. ఉప్పూ నూనే లేని పత్యంతో ఎన్నాళ్ళయినా ఇంట్లో పడి ఉండొచ్చు. విచారణ నాటికి మనిషి దుక్కలా కోర్టుకొచ్చినా ఎవరూ ఇదేమిటని అడగరు. ప్లీడర్లకి ఇంతకన్నా పనికొచ్చే రోగం దేవుడు పుట్టించలేదు.

నేను ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి. చంకలో కట్టలు, చెవి మీద పెన్సిలు, నోట్లో తమలపాకు, ఇదే అప్పట్లో నా అవతారం. ఇప్పటి కుర్ర ప్లీడర్లు, వాళ్ళ గుమాస్తాలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే "మీ కాలంలో గొప్ప కేసు ఏదండీ" అని అడుగుతారు. గొప్ప కేసంటే ఖూనీ కేసో, జమీందార్ల ఆస్తి తగాదానో చెబుతానని వాళ్ళ ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం అప్పీలుగా నంబరు కూడా పడని ఒక కాగితాల కట్ట. పేర్లు చెప్పను, ఊళ్ళు చెప్పను. వాళ్ళ మనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారు.

ముందు అప్పీలు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, లేకపోతే తరవాతిది తలకెక్కదు. కింది కోర్టులో ఓడినవాడు పై కోర్టుకి వెళ్ళాలంటే నోటిమాట చాలదు. తీర్పులో తప్పెక్కడుందో రాసిన మెమో కావాలి. ప్లీడరుకి కొత్తగా వకాల్తా కావాలి. కోర్టు ఫీజు స్టాంపులు, ఎదుటివాళ్ళకి ఇచ్చే ప్రతులు కావాలి. వీటన్నిటితో పాటు కింది కోర్టు సీలు పడిన జడ్జిమెంటు నకలూ, డిక్రీ నకలూ కావాలి. మిగతావి ఒకటీ అరా తగ్గితే వెనక్కిచ్చి, సరిచేసుకు రమ్మంటారు. డిక్రీ నకలు లేకపోతే మాత్రం అది అప్పీలే కాదు. ఇదంతా ముప్పై రోజుల్లో జరగాలి. నకలు తయారుకి కోర్టువాళ్ళు పట్టించిన రోజుల్ని ఆ గడువులోంచి మినహాయిస్తారు, అదీ ఒక్కసారికే. ఆ నకలు పోగొట్టుకుని ఇంకోటి తెచ్చుకుంటే ఆ ఆలస్యం మన నెత్తినే.

మా ప్లీడరుగారు కోపిష్టి. ముక్కుపొడుం పీల్చి, నల్లకోటు మీద దులుపుకుని, ఎదుట ఎవరుంటే వాళ్ళ మీద అరిచేవారు. కానీ ఓడిపోయిన మనిషిని ఆ ఉడుకులోనే అప్పీలుకి తోసెయ్యడం ఆయనకి గిట్టేది కాదు. నకళ్ళు రాగానే పార్టీ చేతిలోనే పెట్టేసేవారు. "ఇంటికి తీసికెళ్ళు. అయినవాళ్ళెవరైనా చదివి చెబితే విను. ఇంకా పోట్లాడాలనుంటే గడువులోగా తీసుకురా, లేకపోతే మానెయ్" అనేవారు. తక్కిన గుమాస్తాలు టీకొట్టు దగ్గర నన్ను ఏడిపించేవాళ్ళు. "మీ అయ్యగారు వచ్చిన కేసుని కూడా ఇంటికి సాగనంపేస్తారేటండీ" అని.

డెబ్భైల చివర్లో సంగతి ఇది. మాకు దగ్గర్లోని మగ్గాల ఊరి నుంచి ఒక విధవరాలు, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు మా పార్టీ. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. కొడుకుకి ముప్పై దగ్గరపడుతున్నా ఇంకా పెళ్ళి కాలేదు. ఇద్దరూ ఇంట్లో గుంట మగ్గం మీద చీరలు నేసి బతుకుతున్నారు. ఆ ఇంటి స్థలం ఆవిడ భర్తకి వాళ్ళ అన్నగారు నోటిమాటగా ఇచ్చాడు. ఈయన దాంట్లో ఇల్లు కట్టుకుని, మగ్గానికి గుంట తవ్వుకుని, అక్కడే కాపరం చేసి అక్కడే పోయాడు. అన్నగారు కూడా పోయాక ఆయన కొడుకు దావా వేశాడు. మా నాన్న ఉండమన్నాడే గానీ ఇచ్చెయ్యలేదు, కాబట్టి ఖాళీ చేయించమని. రిజిస్టరు కాగితం లేదు. మునసబు కోర్టువారు ఆ మాటే పట్టుకుని, ఇల్లు ఖాళీ చేసి అప్పగించమని డిక్రీ ఇచ్చేశారు.

మా ప్లీడరుగారు మాత్రం జడ్జిమెంటు చదివి, "పై కోర్టులో ఇది నిలబడదోయ్. ఇంటిపన్ను రసీదులన్నీ ఆవిడ మొగుడి పేరు మీదే ఉన్నాయి. దాని గురించి ఒక్క ముక్కా రాయలేదు" అన్నారు. ఆయన అలా అనడం అరుదు. అయినా తన పద్ధతి మార్చుకోలేదు. నకళ్ళు ఆవిడ చేతికిచ్చి, గడువు ఎప్పటిదాకానో చెప్పారు. "పదిలం మామ్మగారూ, ఇవి లేకపోతే పని జరగదు" అని నేనూ చెప్పాను. "ఆయ్, అలాగేనండి" అని చీర కొంగులో కట్టుకుని వెళ్ళింది.

మళ్ళీ వచ్చింది గడువుకి ముందు రోజు. మురమళ్ళ వెళ్ళి, కొడుకు పెళ్ళి కుదరాలని వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించుకుని వచ్చిందట. ముఖాన కుంకం లేకపోయినా చేతిలో ప్రసాదం పొట్లం ఉంది. ముందు అది మా బల్లమీద పెట్టింది.

"కాగితాలేవమ్మా?" అన్నారు ప్లీడరుగారు.

ఆవిడ కొడుకు వైపు చూసింది. అతను జేబులోంచి మడతపెట్టిన చిన్న ముక్క ఒకటి తీశాడు. నీళ్ళలో నాని ఎండి, అప్పడంలా వంకర్లు పోయింది. దానిమీద కోర్టు సీలు సగం కనిపిస్తోంది.

"ఇదొక్కటే దొరికిందండి. మిగతాది కాలవలో పోయిందండి" అన్నాడు.

"కాలవలోకి ఎలా పోయిందయ్యా? జారిపడిందా?"

"లేదండి. మా అమ్మే చింపేసిందండి."

ప్లీడరుగారు పొడుం డబ్బా బల్లమీద పెట్టి ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా చెప్పింది.

"మా ఊరి బడి మాస్టారు మా అరుగు మీద కూచుని చదివేరండి. ఇల్లు కాళీ చేసి వాళ్ళకి అప్పజెప్పెయ్యాలని అందులో ఉందన్నారండి. అలాటి కబురు ఇంట్లోకి ఎలాగ తీసుకెళ్తామండి? వీధిలోనే చింపేసి, కాలవలో కలిపేసి, నెత్తిమీద నీళ్ళు పోసుకుని లోపలికెళ్ళేనండి. ఈడే ఎనకాల దిగి ఎతికేడు."

మా వైపు చావు కబురు కార్డుముక్క వస్తే చదివిన చోటనే చింపేస్తారు. గడప దాటనివ్వరు. పెద్దకర్మ కార్డయినా అంతే. ఆవిడకి డిక్రీ కూడా అలాంటి అశుభమే. అంత చదువుకున్న మా ప్లీడరుగారికీ, అన్ని కట్టలు మోసిన నాకూ ఆ సంగతి తోచనే లేదు. కాగితాన్ని పోగొట్టుకునేవాళ్ళనీ, చెదలు పట్టించేవాళ్ళనీ చూశాం గానీ, ఇలా మైల కబురని చింపేసినవాళ్ళని చూడలేదు.

ప్లీడరుగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. "పరుగెత్తు, నకలుకి దరఖాస్తు పెట్టు" అన్నారు నాతో. ఆ పూటే పెట్టాను. కానీ నకళ్ళ సెక్షన్ మన కంగారు చూసి నడుస్తుందా? ఎవరెన్ని స్టాంపులు కట్టాలో రాసిన జాబితా బోర్డు మీదకి ఎక్కాలి. స్టాంపులు కట్టాలి. టైపు కావాలి, సరిచూడాలి, సీలు పడాలి. రోజూ పొద్దున్నే బోర్డు ముందు నిలబడి, అక్కడి గుమాస్తా గడ్డం పట్టుకు బతిమాలాను. "ఏం చెయ్యమంటారండీ, మీకు ముందు ఇంతమంది ఉన్నారు" అని ఆయన చూపించిన కట్ట నిజంగానే ఎత్తుగా ఉంది. కొత్త నకళ్ళు చేతికొచ్చేసరికి గడువు దాటి చాలా రోజులైపోయింది.

ఇలాంటప్పుడు ఆలస్యాన్ని మన్నించమని ఒక పిటిషను వెయ్యాలి. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తూ అఫిడవిట్ పెట్టాలి. అంటే మన కామెర్లు. నేను ఎవరినీ అడక్కుండా రాసేశాను. కోర్టు పనులు చూసే కొడుకుకి పచ్చకామెర్లు వచ్చాయి, తల్లి అతనికి సేవ చేస్తూ కదల్లేకపోయింది, అందువల్ల ఆలస్యమైంది. సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరుతో మాట కూడా అయిపోయింది.

అఫిడవిట్ ఏ భాషలో రాసినా, వేలిముద్ర వేసేవాళ్ళకి తెలుగులో చదివి వినిపించాలని రూలు. చాలా ఆఫీసుల్లో చదివేవారు కాదు. మా ప్లీడరుగారు వదిలేవారు కాదు. ఆవిడ బొటనవేలికి సిరా పూసి, వేలు గాల్లో ఉండగానే నేను చదువుతున్నాను. "నా కుమారునికి పచ్చకామెర్లు సోకి" అనేసరికి ఆవిడ వేలు దెబ్బ తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

"ఎవరికండీ?"

"మీ అబ్బాయికి. నిజంగా కాదు మామ్మగారూ, కాగితం మీదే."

"అమ్మ బాబోయ్! వద్దు గుమాస్తాగారండీ. ఈడి నాన్న దాంతోనే పోయేరండి. ఆ మాట ఈడి పేరు మీద రాయకండి."

"రాసినంత మాత్రాన వచ్చేస్తుందేటండీ? ఈ కోర్టులో ఎవరి కట్ట తీసినా ఇదే ఉంటుంది. వాళ్ళందరూ పోయారా?"

"వాళ్ళ సంగతి నాకు తెలీదండి. నాకు ఒక్కడే ఉన్నాడండి."

సరే, మీ పేరు మీదే రాస్తానన్నాను. "నేను పడుకుంటే ఈడికి గంజి కాచేదెవరండీ? వద్దండి" అంది. జ్వరం అన్నాను. వద్దంది. ఆటలమ్మ అన్నాను, చెవులు మూసుకుని అమ్మవారికి దణ్ణం పెట్టింది. పోనీ కాలు బెణికిందని రాద్దామా అంటే, "మగ్గం తొక్కాల్సిన కాలండీ అది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి ఏం రాసి చావమంటారండీ? ఇల్లు కావాలా, అక్కర్లేదా?" అని అరిచేశాను.

"జరిగిందే రాయండి. చింపేసేనని రాయండి" అని వేలికంటిన సిరా జుట్టుకి తుడిచేసుకుంది.

అప్పుడు కొడుకు కలగజేసుకున్నాడు. "అమ్మా, నాకేం కాదే. రాయనీ" అన్నాడు. ఆవిడ అతని వైపు చూసిన చూపుకి నేనే తల దించుకున్నాను. ఇల్లు పోతుందని ఆవిడకి తెలీక కాదు. ఆ గోడలు మెత్తడానికి మట్టి తొక్కినావిడే. అయినా ఆవిడ మనసులో త్రాసు ఎటు మొగ్గాలో అటే మొగ్గింది.

ప్లీడరుగారు కుర్చీలోంచి లేవకుండానే, "ఆవిడ చెప్పిందే రాయవోయ్" అన్నారు.

"అలా రాస్తే పిటిషను కొట్టేస్తారండి."

"కొట్టేస్తారు. రాయి."

రాశాను. కారణం ఉన్నది ఉన్నట్టు రాసిన అఫిడవిట్ ఎలా ఉంటుందో నాకే తెలీదు, మూడుసార్లు కొట్టేసి రాయాల్సొచ్చింది. మర్నాటికి ఈ సంగతి టీకొట్టుకి చేరిపోయింది. "కామెర్లు లేకుండా ఆలస్యం పిటిషనేటండీ బాబూ" అని ఒకటే నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడిచినట్టు ఉంటుందని.

విచారణ రోజున సబ్ జడ్జిగారి ముందు మాకన్నా ముందు ఇంకో ఆలస్యం పిటిషను వచ్చింది. రాజోలు వైపు కొబ్బరితోటల ఆసామీది. మనిషి ఎర్రగా బుర్రగా, పట్టు కండువాతో వెనక బెంచీ మీద కూచున్నాడు. కామెర్లు, డాక్టరు సర్టిఫికెట్, అన్నీ సక్రమం. ఎదుటి ప్లీడరు ఏదో గొణిగి ఊరుకున్నాడు. జడ్జిగారు రెండు నిమిషాల్లో "అనుమతించడమైనది" అన్నారు. ఆసామీ కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

తరవాత మాది. జడ్జిగారు వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినాయన. చెడ్డాయన కాదు, కాగితంలో ఉన్నదానికి కట్టుబడే మనిషి. అఫిడవిట్ ఒకసారి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

ఎదుటి ప్లీడరు లేచి, "అయ్యా, కోర్టువారి డిక్రీని చించి కాలవలో పారేసి, ఇప్పుడు ఆ కోర్టువారి దయే కావాలంటున్నారు" అన్నాడు. హాల్లో నవ్వులు. ఆయన వెనకే కూచున్న వాది, అదే ఆవిడ బావగారి కొడుకు, నవ్వలేదు.

జడ్జిగారు ఆవిడని ముందుకి పిలిచారు.

"ఏమ్మా, కోర్టు కాగితం చింపేశావా?"

"ఆయ్. చింపేనండి."

"చింపేస్తే తీర్పు పోతుందనుకున్నావా?"

"అనుకోలేదండి. చావు కబురు కార్డు చింపేస్తే పోయినోళ్ళు తిరిగొస్తారేటండి? రారని తెలుసండి. అయినా చింపుతాం కదండీ."

ఎవరూ నవ్వలేదు. మా ప్లీడరుగారు లేచి పన్ను రసీదుల మాట, ముసలావిడ గతి మాట, న్యాయం మాట అన్నీ చెప్పారు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ప్లీడరుగారూ, ఆవిడ చెప్పింది నిజమని నేను నమ్ముతున్నాను. కానీ చట్టం అడిగేది తగిన కారణం. తన చేతులతో తాను చింపుకోవడం తగిన కారణమని నేను రాస్తే, రేపు ఈ తాలూకాలో ఒక్క కాగితం మిగలదు" అన్నారు జడ్జిగారు. పిటిషను కొట్టేశారు. దాంతో పాటు అప్పీలూ పోయింది.

నాకు ఆ వేళ జడ్జిగారి మీద కోపం రాలేదు. ఆయన అన్నది రూలు ప్రకారం తప్పు కాదు. పట్టు కండువా ఆసామీ మీద వచ్చింది, ఆ రోగాన్ని ఇన్నాళ్ళూ పెంచి పోషించిన మా అందరి మీదా వచ్చింది. ఆ ఒక్క అబద్ధపు రాత అలవాటుగా సాగిపోయే చోట, ఉన్న మాట రాసినందుకు ఒక మనిషికి ఇల్లు పోయింది. ఇది న్యాయమని ఎవరైనా నాకు పాఠం చెప్పబోతే ఇప్పటికీ వాళ్ళని తిట్టి పంపిస్తాను.

ఆఫీసుకి రాగానే ప్లీడరుగారు కోటు విప్పకుండానే, "హైకోర్టుకి వెళ్దామమ్మా. నా ఫీజు మాట ఎత్తను" అన్నారు. ఆవిడ చేతులు జోడించింది. "మీరు చాలా చేసేరండి బాబుగారండీ. ఇంకా అంత దూరం నావల్ల కాదండి. ఈడి పెళ్ళి చూసుకుంటానండి" అంది. ప్లీడరుగారు గోడ వైపు తిరిగి పొడుం పీల్చారు. కళ్ళు తుడుచుకోవడానికి పొడుం మంచి వంక.

ఇల్లు స్వాధీనం చెయ్యడానికి అమీనా వెళ్ళే రోజున నన్నూ వెళ్ళమన్నారు. అమీనా అంటే కోర్టు జవాను, డిక్రీ పట్టుకుని వచ్చి సామాన్లు బయట పెట్టించే మనిషి. ఆయనా నేనూ సైకిళ్ళ మీద వెళ్ళాం. వెళ్ళేసరికి కొడుకు మగ్గం మీద ఉన్నాడు. చీర ఇంకా కొంచెం మిగిలింది. మధ్యలో పడుగు దారాలు కోస్తే చీర మొత్తం దండగ.

"ఎంతసేపు పడుతుందయ్యా?" అన్నాడు అమీనా.

"పొద్దెక్కేలోగా దించేస్తానండి."

అమీనా వాది వైపు చూశాడు. వాది తల పక్కకి తిప్పుకుని, "కానివ్వండి" అన్నాడు. అమీనా అరుగు మీద చతికిలబడి చుట్ట వెలిగించాడు. కోర్టు అధికారంతో ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన మేమందరం, చీర నేత పూర్తయ్యేదాకా ఆ మగ్గం చప్పుడు వింటూ కూచున్నాం. దారం మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

చీర దించాక దారాలు పట్టి ఉంచే అచ్చు విప్పారు, నేసిన బట్ట చుట్టే దోనె తీశారు, తాళ్ళు చుట్టారు. గిన్నెలు, చాప, రెండు ట్రంకుపెట్టెలు అప్పటికే వీధిలో ఉన్నాయి. తీసుకెళ్ళడానికి ఆవిడ తమ్ముడు పొరుగూరి నుంచి బండి తోలుకొచ్చాడు. అంతా అయిపోయిందనుకుంటే ఆవిడ కొడుకుని మళ్ళీ లోపలికి పంపింది. మగ్గం గుంట అలా నోరు తెరుచుకుని ఉండకూడదట. అతను పెరట్లోంచి మట్టి తెచ్చి గుంట పూడుస్తున్నాడు. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి చూస్తోంది. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆ ఒక్క మాట రాయనిచ్చి ఉంటే ఇవాళ ఈ ఇంట్లోనే ఉండేవారు కదండీ మామ్మగారూ" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. లోపల మోకాళ్ళదాకా మట్టి కొట్టుకుపోయి, చెమటలు కక్కుతూ, గునపం ఆనించుకుని ఊపిరి తీసుకుంటున్న కొడుకు వైపు తేరిపార చూసింది.

"ఆయ్. నేను ఉండేదాన్నేనండి" అంది. "ఈడు ఉండేవోడో లేదో ఎవరికి తెలుసండీ?"